‘సిరి’, విగ్రహం – రెండూ ఒకే పాఠంలో ఎలా చెప్పాలి? (మూడు వారాల బైబిల్ స్టడీ)

గోదారిగట్టు
అందరికీ వందనాలు. యూత్ మీటింగ్ కోసం మూడు వారాల బైబిల్ స్టడీ తయారవుతోంది, వారానికి 40 నిమిషాలు. అంశం: ధనం మీద నమ్మకం, విగ్రహం మీద నమ్మకం. కొలొస్సయులకు 3:5లో పౌలు ‘విగ్రహారాధనయైన ధనాపేక్ష’ అని రెంటినీ ఒక్క మాటలో ముడివేశాడు. ఆ ముడి పాత నిబంధనలో ఎక్కడ పడిందో చూపించాలి. ప్రస్తుతానికి చేతిలో ఉన్నవి కీర్తన 115, సామెతలు 11:28, యెషయా 44, మత్తయి 6:24, 1 తిమోతి 6:10. వీటిని ఏ వరసలో పెట్టాలి? ఏవి చేర్చాలి, ఏవి తీసేయాలి?

పాతనిబంధన
వందనాలు బ్రదర్. మీ జాబితాలో అసలైనదే లేదు. యోబు 31:24-28 చేర్చండి. 24, 25 వచనాల్లో బంగారం, ఆస్తి. 26, 27లో సూర్యచంద్రులను చూసి మనసు లోలోపల మరలిపోవడం, నోటి మీద చెయ్యి పెట్టుకుని ముద్దు పెట్టడం. 28లో రెంటికీ కలిపి ఒకే తీర్పు: అది పైనున్న దేవుణ్ణి కాదన్నట్టే. మధ్యలో ‘ఇక రెండో పాపం సంగతి’ అన్న మలుపే లేదు. బంగారంతో ‘నా ఆశ్రయం నువ్వే’ అనడం, చంద్రుడికి ముద్దు విసరడం, యోబు లెక్కలో రెండూ ఒకే పని.

రెంటినీ కలిపే దారం ఒక హీబ్రూ క్రియ, ‘బాతఖ్’. నమ్ముకోవడం, బరువంతా దాని మీద వేసి నిశ్చింతగా ఉండటం అని అర్థం. ధనాన్ని నమ్ముకునేవాడి గురించి సామెతలు 11:28లో ఇదే మాట. విగ్రహాల మీద నమ్మికయుంచేవారి గురించి కీర్తన 115:8లోనూ ఇదే. యోబు 31:24లో ‘నా ఆశ్రయము’ అని తెలుగులో ఉన్నది కూడా ఈ ధాతువు నుంచి వచ్చిన నామవాచకమే. మన పాత అనువాదంలో మూడు చోట్లా మూడు రకాలుగా ఉండటంతో చదివేవాళ్లకు ఆ దారం కనబడదు. అందుకే మొదటి వారం పేపర్లో ఈ మూడు మాటల కిందా ఒకే రంగు గీత పెట్టండి. చెప్పాల్సిన పని సగం తగ్గుతుంది.

ఇంకో చిన్న సంగతి. కీర్తన 115ను చాలామంది 8తో ఆపేస్తారు. అక్కడ ఆపకూడదు. 9, 10, 11లో అదే క్రియ వరసగా మూడుసార్లు వస్తుంది: ఇశ్రాయేలీయులు, అహరోను వంశస్థులు, యెహోవాయందు భయభక్తులు గలవారు, ముగ్గురికీ ‘యెహోవాను నమ్ముకొనుడి’. 8 దగ్గర ఆపితే అది ఎగతాళి పాట. 11 దాకా చదివితే ఆరాధనలో పాడుకునే పిలుపు.

శ్రీకాకుళం సిస్టర్
115లో అవయవాలు లెక్కపెట్టించండి. నోరు, కన్నులు, చెవులు, ముక్కు, చేతులు, పాదాలు, గొంతు: మొత్తం ఏడు. పిల్లలు లెక్కపెడుతూ ఉంటే 8వ వచనం దానంతటదే తగులుతుంది, ‘వాటిని చేయువారును వాటియందు నమ్మికయుంచువారందరును వాటివంటివారై యున్నారు’. ఆ వాక్యాన్ని డబ్బు మీద పెట్టి అడగండి. డబ్బునే నమ్ముకున్నవాడికి ఆ ఏడింటిలో మొదట ఏది పనిచేయకుండా పోతుంది? చెవులే అని ఎక్కువమంది అంటారు. జవాబు మీరు చెప్పకండి, వాళ్లనే తేల్చుకోనివ్వండి.

మిరపచేను
మత్తయి 6:24లో ‘మీరు దేవునికిని సిరికిని దాసులుగా నుండనేరరు’ అన్నచోట ‘సిరి’కి మూలంలో ఉన్న మాట మామోను, అది సిరియా దేవత పేరు కదా. అది చెబితే ధనమే విగ్రహమని సూటిగా తేలిపోతుంది. ఇంత చుట్టు తిరగడం ఎందుకు?

పాతనిబంధన
అది పొరపాటు బ్రదర్, పేపర్లోకి ఎక్కనివ్వకండి. ఆ పేరుతో యేసు కాలంలో ఎవరైనా ఒక దేవతను కొలిచారనడానికి ఆధారం లేదు. ‘మామోనా’ అరామిక్‌లో మామూలు మాట: ఆస్తి, సొమ్ము. దాన్ని ఒక దయ్యం పేరుగా చేసుకున్నది తర్వాతి శతాబ్దాల వాళ్లు. కొత్త నిబంధనలో ఆ మాట వచ్చేది నాలుగేసార్లు: మత్తయి 6:24, లూకా 16:9, 11, 13. లూకా 16:9లో ‘అన్యాయపు సిరివలన మీకు స్నేహితులను సంపాదించుకొనుడి’ అని ఉంది. అది దేవత పేరే అయితే ఆ వాక్యానికి అర్థమే కుదరదు.

‘ఆమేన్’ మాటకున్న ధాతువు నుంచే మామోను పుట్టిందనీ, దాని అర్థం ‘నమ్ముకున్నది’ అనీ కూడా వింటుంటాం. పండితులు చేసిన ప్రతిపాదనల్లో అదొకటి, అంతే. బాగుంది కదా అని దాని మీద పాఠం కట్టకండి. ఎవరైనా ప్రశ్నిస్తే పాఠం మొత్తం కూలుతుంది.

నిజానికి ఆ వాక్యంలో మీక్కావాల్సింది పేరులో లేదు, క్రియలో ఉంది. ‘దాసులుగా నుండనేరరు’ అన్నాడు. సొమ్ముకు యజమాని కుర్చీ వేశాడు. ఆ పని యేసే చేశాడు, దానికి దేవత ఎవరూ అక్కర్లేదు.

శ్రీకాకుళం సిస్టర్
‘సిరి’ అన్న మాట మీద ఒక ముక్క. తెలుగులో సిరి అంటే కలిమి, సిరి అంటే లక్ష్మీదేవి కూడా. పోతన ‘సిరికిం జెప్పడు’ అన్నప్పుడు ఆ సిరి లక్ష్మే. అంచేత గ్రీకులో లేని ఒక ఛాయ మన అనువాదంలోకి వచ్చి కూర్చుంది. కొందరు బోధకులు దీన్ని పట్టుకుని పక్కింటివాళ్ల పూజ మీదికి మళ్లిస్తారు. వాక్యం అన్నది అది కాదు. యేసు ఆ మాట చెప్పింది యూదులకు, ఇంట్లో ఒక్క విగ్రహం కూడా లేనివాళ్లకు.

వరంగల్ వాక్యం
సిస్టర్ చెప్పింది కరెక్టు. దానికి వాక్యంలనే జోడు ఉన్నది, రోమా 2:22: ‘విగ్రహములను అసహ్యించుకొను నీవు గుళ్లను దోచెదవా?’ విగ్రహం అంటే పడదు, దాని మీదున్న బంగారం అంటే పడుతది. పౌలు అడిగేది గదే.

దీని మూలం ద్వితీయోపదేశకాండము 7:25ల ఉన్నది. విగ్రహాలను కాల్చాలె, వాటి మీదున్న వెండి బంగారాలను ఆశించొద్దు, లేకుంటే ఉరిల పడుతవ్ అని. అక్కడి ‘ఆశించు’ క్రియ హీబ్రూల ‘ఖామద్’. పదో ఆజ్ఞల ఉన్నది అదే. యెహోషువ 7:21ల, యెరికో దోపుడు సొమ్ము దాచిన ఆకాను ఒప్పుకున్నప్పుడు ‘వాటిని ఆశించి తీసుకున్న’ అన్నది కూడ అదే. ఆజ్ఞ, హెచ్చరిక, తప్పు, మూడు చోట్ల ఒకటే మాట. రెండో వారం ఈ మూడింటితోని మొదలుపెట్టుండ్రి, కథలు వాటంతటవే వస్తయి.

ఇంకొకటి అన్నా, ధనవంతుడు దేవుని రాజ్యంల చేరుడుకంటె ఒంటె సూది బెజ్జంల దూరుడు సులువు అని మార్కు 10:25ల ఉన్నది కదా, దానికి చెప్పే గా సూది బెజ్జం గేటు కథ మాత్రం చెప్పకుండ్రి. యెరూషలేముల ‘సూది బెజ్జం’ అనే చిన్న ద్వారం ఉండెనంట, ఒంటె మూటలు దించుకొని మోకాళ్ల మీద దూరేదంట. ఒకటో శతాబ్దంల అట్లాంటి ద్వారం ఉన్నట్టు ఒక్క ఆధారం లేదు. పైగా ఆ కథ చెప్తే వాక్యం తలకిందులైతది. మూట దించుకుంటే దూరొచ్చు అని అర్థమొస్తది. మార్కు 10:27ల యేసు అన్నది ‘మనుష్యులకు అసాధ్యం’ అని.

లెక్కలమాస్టారు
ఆ సూది కుట్టుపని సూదే. మార్కు, మత్తయి వాడిన గ్రీకు మాట ‘రఫిస్’, లూకా వాడింది ‘బెలోనె’. రెండూ సూదులే, ద్వారాలు కావు. ‘ఒంటె కాదు, తాడు’ అనే మాట కూడా నడుస్తుంటుంది. గ్రీకులో ‘కమేలోస్’కూ ‘కమిలోస్’కూ ఒక్క అచ్చు తేడా. కానీ తాడు అని ఉన్నవి తర్వాతి కాలపు కొద్ది ప్రతులే. ఏనుగు సూది బెజ్జంలో దూరడం అనే నుడి యూదుల తల్మూదు గ్రంథంలో కూడా ఉంది. పెద్ద జంతువును చిన్న బెజ్జంలోకి పంపడం వాళ్ల మాటతీరు.

ఇక రెండో వారంలో కథలు పెడుతున్నారు కాబట్టి తూకాలు ముందే సరిచూసుకోండి. హీబ్రూ తూకమైన షెకెలును మన బైబిల్లో ‘తులము’ అన్నారు. చదివే కుర్రాడికి తులం అంటే నగల దుకాణంలో 10 గ్రాములు. షెకెలు దాదాపు 11.4 గ్రాములు. చిత్రమేమిటంటే పాత తులం 11.66 గ్రాములు, అంటే అనువాదకుల కాలంలో ఆ మాట బాగానే అతికింది, ఇప్పుడే తేడా వచ్చింది.

అంతకంటే పెద్ద తూకమైన తలాంతుకు ఎన్ని షెకెళ్లో నిర్గమకాండము 38:25-26 తనే చెబుతుంది. మనిషికి అర షెకెలు చొప్పున 6,03,550 మంది. అంటే 3,01,775 షెకెళ్లు. దాన్ని 100 తలాంతుల 1,775 షెకెళ్లు అని రాశారు. 1,775 తీసేస్తే 3,00,000, అంటే తలాంతుకు 3,000 షెకెళ్లు, సుమారు 34 కిలోలు. ఈ లెక్క బోర్డు మీద వేస్తే రెండు నిమిషాలు పడుతుంది, మిగతా కథలన్నిటికీ అదే కొలబద్ద.

ఆకాను దాచినవి: వెండి 200 షెకెళ్లు, అంటే 2.3 కిలోలు. బంగారు కమ్మీ 50 షెకెళ్లు, 570 గ్రాములు. ఒక షీనారు పైవస్త్రం.
గిద్యోను (న్యాయాధిపతులు 8:26): దోపుడు సొమ్ములోని చెవిపోగుల తూకం 1,700 షెకెళ్లు, 19.4 కిలోలు.
ప్రత్యక్షపు గుడారం (నిర్గమ 38:24): బంగారం 29 తలాంతుల 730 షెకెళ్లు, అంటే 87,730 షెకెళ్లు, సరిగ్గా టన్ను దగ్గర.
సొలొమోను (1 రాజులు 10:14): ఏడాదికి 666 తలాంతులు, 22 టన్నుల పైమాటే.

అన్నిటికీ ‘సుమారు’ అని రాయండి. తవ్వకాల్లో దొరికిన తూకపు రాళ్లన్నీ ఒకే బరువులో లేవు.

గోదారిగట్టు
మాస్టారూ, చాలా మేలు చేశారు. గిద్యోను విగ్రహం చేయలేదు కదా, ఏఫోదే (యాజకుల పైవస్త్రం) కదా చేసింది? ఈ పాఠంలో అతను ఎందుకు?

పాతనిబంధన
అందుకే పెట్టాలి. 8:23లో గిద్యోను రాజరికాన్ని వద్దంటాడు. ‘యెహోవాయే మిమ్మును ఏలును’ అంటాడు, మాట బంగారంలా ఉంటుంది. తర్వాతి వచనంలోనే ‘మీ దోపుడు సొమ్ములోని పోగులు నాకివ్వండి’ అంటాడు. ఆ 19 కిలోలతో చేసిన ఏఫోదును ఒఫ్రాలో, తన ఊళ్లో పెట్టుకున్నాడు. అది అతనికీ అతని ఇంటివారికీ ఉరి అయింది. ద్వితీయోపదేశకాండము 7:25లో హెచ్చరించిన ఉరి ఇక్కడ నిజంగానే పడింది. విగ్రహం చేద్దామన్న ఉద్దేశం ఎక్కడా కనబడదు. సొమ్ము పోగైంది, దానికో పవిత్రమైన ఆకారం ఇచ్చారు, జనం దాని చుట్టూ చేరారు.

దీని పక్కనే న్యాయాధిపతులు 17 పెట్టండి, ఆ పుస్తకంలో ఇంతకంటే పదునైన అధ్యాయం లేదు. మీకా తల్లి దగ్గర 1,100 వెండి రూకలు దొంగిలించాడు. ఆమె శపించేసరికి భయపడి తిరిగిచ్చాడు. ఆమె ఆ వెండి మొత్తం యెహోవాకు ప్రతిష్ఠిస్తున్నానంది. కంసాలికి ఇచ్చింది 200. మిగతా 900 ఏమయ్యాయో వాక్యం చెప్పదు, మీరూ చెప్పకండి. ఆ సంఖ్యలు రెండూ బోర్డు మీద రాసి వదిలేయండి. తర్వాత ఒక లేవీయుణ్ణి, అంటే దేవుని సేవకు ఏర్పడిన గోత్రంవాణ్ణి, ఏడాదికి 10 రూకలు, బట్టలు, తిండి ఇచ్చి పెట్టుకుంటాడు. 17:13లో ‘లేవీయుడు యాజకుడయ్యాడు, ఇక యెహోవా నాకు మేలు చేస్తాడు’ అని లెక్క వేసుకుంటాడు. 18లో దాను గోత్రంవాళ్లు 600 మంది వచ్చి విగ్రహాన్నీ యాజకుణ్ణీ ఎత్తుకుపోతారు. 18:24లో మీకా ఏడుపు: ‘నేను చేయించుకున్న నా దేవతలను పట్టుకుపోతున్నారే, ఇక నా దగ్గర ఏముంది?’ దొంగసొమ్ముతో మొదలైంది దొంగల చేతికే పోయింది.

మిరపచేను
మరి బంగారు దూడ లేకుండా ఈ పాఠం ఏమిటి?

శ్రీకాకుళం సిస్టర్
అందరికీ తెలిసిందే కాబట్టి ఐదు నిమిషాలు చాలు. ఒక్క పోలిక చూపించండి. నిర్గమ 32:3లో చెవిపోగులు ఊడదీసి దూడ చేశారు. 35:22లో అదే జనం అదే పోగులూ ఉంగరాలూ గుడారానికి తెచ్చారు. రెండూ ఐగుప్తు నుంచి తెచ్చిన బంగారమే (12:35). కాబట్టి తప్పు లోహంలో లేదు. 32:24లో అహరోను జవాబు మాత్రం గట్టిగా చదివించండి: అగ్నిలో వేస్తే ‘ఈ దూడ యాయెను’ అట. 4వ వచనంలో పోగరతో రూపు దిద్దింది ఆయనే.

వరంగల్ వాక్యం
యెషయా 44:9-20 గట్టిగ చదివితే మూడు నిమిషాలు. విడగొట్టకుండ ఒకేసారి చదివించుండ్రి, మధ్యల వివరణ ఇస్తే హాస్యం సచ్చిపోతది. చదివినంక అడగాల్సినవి రెండే. 12ల కమ్మరికి ఏమైతది? ఆకలైతది, నీళ్లు తాగక సొమ్మసిల్లుతడు. దేవుణ్ణి చేసేటోనికే బలం లేదు. 14ల చెట్టును పెంచింది ఎవరు? వాన. ఆ కట్టెల సగం పొయ్యిల, రొట్టె కాలింది, మాంసం కాలింది, చలి కాగిండు. మిగిలిన సగానికి సాగిలపడ్డడు.

పాతనిబంధన
ఇక్కడ న్యాయంగా ఒక మాట చేర్చాలి. బబులోనులో విగ్రహం చేసినవాళ్లు కూడా ‘ఇది మేం చేసిన బొమ్మ’ అనేవాళ్లు కాదు. ‘నోరు కడగడం’ అనే క్రతువు ఉండేది. అందులో శిల్పుల చేతులు కట్టి, తమరిస్క అనే చెట్టు కర్రతో చేసిన కత్తితో నరికినట్టు నటించేవారు. ‘నేను చేయలేదు’ అని వాళ్లు ప్రమాణం చేసేవారు. యెషయా సరిగ్గా ఆ ప్రమాణం మీదే దెబ్బ కొడుతున్నాడు: గొడ్డలి ఎవరిది, నూలుతాడు ఎవరు పట్టారు, కట్టె ఎవరు నరికారు అని పనిముట్టు పనిముట్టుగా చూపిస్తాడు. అవతలివాళ్లు మూర్ఖులు అనే ధోరణిలో ఈ భాగం బోధిస్తే అసలు వాదన జారిపోతుంది. అహరోను ‘ఈ దూడ యాయెను’ అన్నదీ ఆ బాపతు మాటే.

డల్లాస్ తెలుగు
మూడో వారం గురించి. మార్కు 10:24లో మన పాత అనువాదం ‘తమ ఆస్తియందు నమ్మికయుంచువారు దేవుని రాజ్యములో ప్రవేశించుట ఎంతో దుర్లభము’ అంటుంది. ఇక్కడి పిల్లల చేతిలో ఉండే కొత్త ఇంగ్లీషు బైబిళ్లు చాలావాటిలో ‘ఆస్తియందు నమ్మికయుంచువారు’ అన్న ముక్క లేదు. మీ దగ్గర కూడా ఎవరైనా ఫోన్లో తెరిచి అడుగుతారు. దానికి జవాబు సిద్ధంగా ఉండాలి.

లెక్కలమాస్టారు
జవాబు చిన్నదే. నాలుగో శతాబ్దపు గ్రీకు చేతిరాత ప్రతులైన సీనాయి ప్రతిలోనూ వాటికన్ ప్రతిలోనూ ఆ ముక్క లేదు. తర్వాతి గ్రీకు ప్రతుల్లో ఎక్కువవాటిలో ఉంది. మన అనువాదం ఆ పాఠాన్ని తీసుకుంది. అంచేత మొత్తం పాఠాన్ని ఈ వచనం మీద నిలబెట్టకండి. అదే భావం 1 తిమోతి 6:17లో ఏ తగువూ లేకుండా ఉంది: ‘అస్థిరమైన ధనమునందు నమ్మికయుంచక’.

1 తిమోతి 6:10 కూడా జాగ్రత్త. ‘ధనం సమస్త కీడులకు మూలం’ అని సగం మంది నోటికి వస్తుంది. వాక్యంలో ఉన్నది ‘ధనాపేక్ష’. గ్రీకులో ‘ఫిలార్గురియా’, వెండి మీద ప్రేమ. కొలొస్సయులకు 3:5లోని ‘ధనాపేక్ష’ మాత్రం వేరే మాట, ‘ప్లియోనెక్సియా’: ఇంకా ఇంకా కావాలనడం. తెలుగులో రెండూ ఒకటే అయిపోయాయి. లూకా 12:15లో ఆ ప్లియోనెక్సియానే ‘లోభము’ అన్నారు. ఎఫెసీయులకు 5:5లో ‘విగ్రహారాధికుడై యున్న లోభి’ అన్నదీ దాని బంధువే. కాబట్టి కొలొస్సయులకు 3:5 పక్కన లూకా 12 పెట్టాలి, 1 తిమోతి 6 కాదు.

పాతనిబంధన
లూకా 12 పెడితే అక్కడి ఉపమానంలోని ధనవంతుడి మాటల్లో ‘నా’ ఎన్నిసార్లు వచ్చిందో గుర్తుపెట్టించండి: నా పంట, నా కొట్లు, నా ఆస్తి, నా ప్రాణం. 20లో ‘నీ ప్రాణము నడుగుచున్నారు’ అని బహువచనం ఉంది, తెలుగు దాన్ని చక్కగా నిలబెట్టింది. గ్రీకు క్రియ అప్పు తిరిగి అడగడానికి వాడే మాట. ‘నా ప్రాణం’ అనుకున్నది చేబదులు అన్నమాట.

మిరపచేను
అయితే ఆస్తంతా అమ్మేయాలని చెప్పమంటారా? లేక నూరంతలు తిరిగొస్తుందని చెప్పాలా? మన టీవీ ప్రసంగాల్లో రెండోదే వినిపిస్తోంది.

శ్రీకాకుళం సిస్టర్
నూరంతలు ఉన్నది మార్కు 10:30లో. అక్కడ ‘హింసలతో పాటు’ అని కూడా ఉంది. ఆ రెండు మాటలు మింగేసి చెప్పే ప్రసంగం ఆ వచనం మీద ప్రసంగం కాదు. దేవుణ్ణి పెట్టుబడి చేసి ధనాన్ని నమ్ముకోమనడం అది, మీకా లేవీయుణ్ణి పెట్టుకున్న లెక్క (న్యాయాధిపతులు 17:13).

ఎంత ఇవ్వాలన్నదానికి ఒక్క సూత్రం దొరకదు. మార్కు 10:21లో యేసు దగ్గరికి వచ్చిన ధనవంతుడికి మొత్తం. లూకా 19:8లో జక్కయ్య సగం, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు. అపొస్తలుల కార్యములు 4:37లో బర్నబా ఒక పొలం. 1 తిమోతి 6:18లో ధనవంతులకు ఔదార్యం, పాలు పంచుకోవడం. నాలుగూ పక్కపక్కన రాస్తే చాలు.

వరంగల్ వాక్యం
చివరికి అపొస్తలుల కార్యములు 19 పెట్టుండ్రి. ఎఫెసులో అర్తెమి దేవికి వెండి గుళ్లు చేసే కంసాలి దేమేత్రి ముందు ఏం మాట్లాడిండు? ఈ పనితోనే మన బతుకు బాగ నడుస్తున్నది అని (25). దేవి మహిమ మాట 27ల వచ్చింది, అదీ రెండో కారణంగ. రెండు గంటల సేపు అరిచిండ్రు. కరణం వచ్చి చెప్పింది 37ల చూడుండ్రి: ‘వీరు గుడి దోచినవారు కారు, మన దేవతను దూషింపను లేదు’. పౌలు తోటోళ్లకు ఆ సర్టిఫికెట్ ఇచ్చింది అవతలి పక్షమోడు. మన పిల్లలకు ఈ వచనం కంఠతా రావాలె.

గోదారిగట్టు
అందరికీ కృతజ్ఞతలు. వరస ఇలా పెట్టాను. మొదటి వారం కీర్తన 115:4-11, సామెతలు 11:28, యోబు 31:24-28, ఒకే రంగు గీతతో. రెండో వారం ద్వితీయోపదేశకాండము 7:25, ఆకాను, గిద్యోను, మీకా. దూడకు ఐదు నిమిషాలు, మిగిలిన టైములో యెషయా 44. సొలొమోనును తీసేశాను, టైము చాలదు. మూడో వారం మత్తయి 6:24, లూకా 12, కొలొస్సయులకు 3:5, మార్కు 10, 1 తిమోతి 6:17, ఎఫెసు. రెండో వారం పేపరు ఫోటో పెట్టాను, చూడండి.

లెక్కలమాస్టారు
చూశాను. రెండో పేజీలో ఆకాను కమ్మీ 50 తులాలు అని రాసి పక్కన 500 గ్రాములు అన్నారు. 570 చేయండి. గిద్యోను దగ్గర కూడా 17 కిలోలు పడింది, అదీ నగల తులమే.

గోదారిగట్టు
మార్చాను మాస్టారూ. మీకా దగ్గర 1,100, కింద 200 మాత్రం రాసి, తీసివేత గీత గీసి జవాబు ఖాళీగా ఉంచాను.